ఎవరిదో చెప్పే డీఎన్ఏ, ఎలా వచ్చిందో చెప్పదు

ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 176(3) సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టం, అందుకు కావలసిన ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. ఆ గడువు ముగిసేసరికి సికింద్రాబాద్‌లో ఏ ఠాణా పరిధిలో హత్య జరిగినా, అత్యాచారం జరిగినా, దోపిడీ జరిగినా క్లూస్ టీం రాకుండా దర్యాప్తు ముందుకు కదలకూడదు. లాఠీ దెబ్బలతో రాబట్టిన ఒప్పుకోలు మీద, ఎవరో చెప్పమన్నది చెప్పే పంచ్ సాక్షుల మీద నడిచే దర్యాప్తుతో పోలిస్తే ఇది ఎంతో ముందడుగు. మనస్ఫూర్తిగా స్వాగతించాల్సిన మార్పు.

అయితే ఒక సంగతి ఇప్పుడే మాట్లాడుకోవాలి. క్లూస్ టీం సేకరించే ఆధారాల్లో కంటికి కనిపించే రక్తపు మరకలతో పాటు, కంటికి కనిపించని చేతి జాడలు కూడా ఇక ముందు పెరుగుతాయి. తలుపు గడియ మీద, కత్తి పిడి మీద, ఫోను మీద, చొక్కా కాలరు మీద మనిషి చెయ్యి తగిలినప్పుడు అంటుకునే అతి స్వల్ప జీవపదార్థం నుంచి తీసే డీఎన్ఏ ఇది. నిపుణులు దీన్ని టచ్ డీఎన్ఏ అంటారు. నమూనా బాగుంటే అది ఎవరిదో ల్యాబు చాలా కచ్చితంగా చెప్పగలదు. ఆ మనిషి అక్కడికి వచ్చాడా, ఆ వస్తువును తన చేత్తో ముట్టుకున్నాడా అన్నది మాత్రం ల్యాబు ఒక్కటే తేల్చలేదు. ఆ డీఎన్ఏ అతని చేతి నుంచి నేరుగా వచ్చి ఉండవచ్చు. అతనితో చెయ్యి కలిపిన మరొకరి చేతి మీదుగానూ వచ్చి ఉండవచ్చు. ఎవరిది, ఎలా వచ్చింది అన్న ఈ రెండు ప్రశ్నలనూ ఒకటే అనుకున్న దర్యాప్తు అధికారి గానీ, న్యాయమూర్తి గానీ ఒక నిరపరాధిని జైలుకు పంపే ప్రమాదం ఉంది. అసలు దోషి బయటే తిరిగే ప్రమాదం కూడా అందులోనే ఉంది.

మరక నుంచి స్పర్శ దాకా

ఈ మాట సికింద్రాబాద్‌లో ఉండి చెప్పడానికి కారణం ఉంది. దేశంలో డీఎన్ఏ పరీక్షకు పునాది పడింది ఇక్కడికి కూతవేటు దూరంలోనే. తార్నాక దాటితే వచ్చే హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో డాక్టర్ లాల్జీ సింగ్ 1980ల చివర్లో స్వదేశీ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని రూపొందించారు. కట్లపాము జాతికి చెందిన ఒక పాము జన్యుపదార్థం మీద ఆయన చేసిన పరిశోధనే దానికి ఆధారం. కేరళలోని తలస్సేరిలో ఒక పితృత్వ వివాదం ఈ పద్ధతితోనే తేలింది. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత గుర్తింపు పరీక్షలు జరిగింది కూడా ఆ ప్రయోగశాలలోనే. ఆ పని పెరిగి పెద్దదై సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థగా మారింది. ఇప్పుడది ఉప్పల్‌లో ఉంది. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు, రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబు ఉన్నాయి. ఇన్ని సంస్థలు ఒకే ఊళ్లో ఉన్నప్పుడు, ఈ శాస్త్రాన్ని ఎలా వాడాలో దేశానికి చూపించాల్సిన బాధ్యత కూడా ఈ ఊరిదే.

లాల్జీ సింగ్ నాటి పరీక్షకు నమూనా ఎక్కువ కావలసి వచ్చేది. కంటికి కనిపించే రక్తపు మరకో, వీర్యపు మరకో, వెంట్రుక కుదుళ్లో ఉండాలి. ఆ ఇబ్బందిలో ఒక మేలు దాగి ఉంది. మరక తన కథను కొంత తానే చెప్పేది. నిందితుడి చొక్కా మీద హతుడి రక్తం చిందిన తీరు చూస్తే, అది ఎలా వచ్చిందో పెద్దగా ఊహించాల్సిన పని ఉండేది కాదు. అత్యాచార బాధితురాలి శరీరంలో దొరికిన వీర్యం విషయంలోనూ అంతే. అక్కడ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికితే, ఎలా వచ్చిందన్న ప్రశ్నకు కూడా చాలావరకు జవాబు దొరికినట్టే.

ఆ తర్వాత పీసీఆర్ వచ్చింది. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంటికీ పరిచయమైన పరీక్ష ఇదే. ఉన్న కాస్త డీఎన్ఏను ఒక్కో ఆవృత్తిలో రెట్టింపు చేస్తూ పోవడం దీని పని. 28 ఆవృత్తులు పూర్తయ్యేసరికి, లెక్క ప్రకారం, ఒక్క ప్రతి 26 కోట్లకు పైగా ప్రతులవుతుంది. మన శరీరంలోని ఒక్కో కణంలో ఉండే డీఎన్ఏ బరువు సుమారు 6 పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. ఒక నానోగ్రాము, అంటే దాదాపు 150 కణాల పాటి నమూనా ఉంటే నేటి కిట్లు 20కి పైగా జన్యుస్థానాల్లో పూర్తి ప్రొఫైల్, అంటే మనిషిని గుర్తించే అంకెల వరుస, ఇచ్చేస్తాయి. అంతకంటే చాలా తక్కువ ఉన్నా పాక్షిక ప్రొఫైల్ వస్తుంది. సాంకేతికంగా ఇది అద్భుతమే. కానీ సున్నితత్వం పెరిగిన కొద్దీ, దొరికిన దానికి అర్థం చెప్పడం కష్టమవుతూ వచ్చింది. కనిపించని నమూనాకు ఆకారం లేదు. అది ఏ శరీర ద్రవం నుంచి వచ్చిందో, ఏ రోజు అంటుకుందో ప్రొఫైల్‌లో రాసి ఉండదు.

మన చేతి మీది డీఎన్ఏ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. చర్మం పైపొరలోని మృతకణాల్లో సాధారణంగా కేంద్రకం ఉండదు. అంటే అరచేతి నుంచి రాలే పొట్టులో పూర్తి డీఎన్ఏ దొరకడం అరుదు. చెమటలో కలిసి వచ్చే విడి డీఎన్ఏ తునకలు, ముక్కు నలుపుకున్నప్పుడు, కళ్లు తుడుచుకున్నప్పుడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడు అంటుకునే కణాలు చేతి మీద పోగుపడతాయి. మన చెయ్యి ముట్టుకున్న ఇతరుల జాడలు కూడా వాటితో కలుస్తాయి. కాబట్టి ఒక మనిషి చేతి మీద ఉన్న డీఎన్ఏ అంతా ఆ మనిషిదే అనుకోవడం మొదటి పొరపాటు.

పదో నంబరు ప్లాట్‌ఫారం మీద

సికింద్రాబాద్ స్టేషన్‌నే తీసుకుందాం. ఒక మహిళ కాజీపేట నుంచి వచ్చి పదో నంబరు ప్లాట్‌ఫారం మీద దిగిందనుకుందాం. ఎర్రచొక్కా కూలీ ఆమె బ్యాగు అందుకుంటాడు. అంతకు పావుగంట ముందు అతను ఇంకో ప్రయాణికుడి సూట్‌కేసు మోశాడు. మెడ మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, అదే చేత్తో ఈ బ్యాగు పిడి పట్టుకుంటాడు. భోయిగూడ వైపు బయటికొచ్చాక ఆటో డ్రైవరు ఆ బ్యాగు తీసి సీటు వెనక పెడతాడు. చిల్లర చేతులు మారుతుంది. లాడ్జిలో కుర్రాడు దాన్ని రెండో అంతస్తుకు చేరుస్తాడు. ఆ రాత్రి గదిలో దొంగలు పడి ఆమె మీద దాడి చేసి నగలు పట్టుకుపోయారనుకుందాం. ఉదయం క్లూస్ టీం వస్తుంది. బ్యాగు పిడిని ముందు తడి స్వాబ్‌తో, ఆ వెంటనే పొడి స్వాబ్‌తో తుడుస్తారు. రెండింటినీ ఆరబెట్టి కాగితపు కవర్లలో పెట్టి సీలు వేస్తారు. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకు డీఎన్ఏ చెడిపోతుంది.

ఆ పిడి మీద ఎవరి డీఎన్ఏ ఉంటుంది? ఆమెది ఉండవచ్చు. కూలీది, ఆటో డ్రైవరుది, లాడ్జి కుర్రాడిది ఉండవచ్చు. కూలీ చేతి మీదుగా వచ్చిన ఆ మొదటి ప్రయాణికుడిది కూడా ఉండవచ్చు. ఆయన ఈ బ్యాగును చూడనైనా చూడలేదు. ఈపాటికి వేరే ఊళ్లో తన ఇంట్లో ఉండి ఉంటాడు. దొంగ చేతికి తొడుగు వేసుకుని ఉంటే, అందరి జాడా దొరికి అతనిది ఒక్కటే దొరకకపోవచ్చు. చెయ్యి నుంచి వస్తువుకు నేరుగా చేరితే దాన్ని ప్రత్యక్ష బదిలీ అంటారు. మధ్యలో ఇంకో చెయ్యో, వస్తువో ఉంటే పరోక్ష బదిలీ. ఈ కథలో రెండూ ఉన్నాయి. ల్యాబు రిపోర్టులో మాత్రం రెండూ ఒకే రకం అంకెలుగా కనిపిస్తాయి.

ఇది ఊహ మాత్రమే కాదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా ఫోరెన్సిక్ కేంద్రానికి చెందిన రోలాండ్ వాన్ ఊర్‌షాట్, మాక్స్‌వెల్ జోన్స్ 1997లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. పెన్నులు, కారు తాళాలు, బ్రీఫ్‌కేసు పిడుల వంటి రోజువారీ వస్తువుల మీద కేవలం చేతి స్పర్శతోనే డీఎన్ఏ దొరుకుతుందని మొదటిసారి చూపించారు. డీఎన్ఏ ఒక చేతి నుంచి మరో చేతికి, ఒక వస్తువు నుంచి మరో చేతికి మారగలదని కూడా ఆ వ్యాసంలోనే చెప్పారు. పోలీసులు మొదటి సగాన్ని ఆనందంగా అందుకున్నారు. రెండో సగాన్ని పట్టించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

అమెరికాలోని ఇండియానాపొలిస్ విశ్వవిద్యాలయంలో సింథియా కేల్ బృందం చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంది. ఇద్దరిద్దరు చొప్పున రెండు నిమిషాల పాటు చేతులు కలిపి ఉంచారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో కత్తి పట్టుకున్నారు. 85 శాతం నమూనాల్లో, కత్తిని అసలు ముట్టుకోని రెండో మనిషి డీఎన్ఏ కూడా ప్రొఫైల్ తీయగలిగేంతగా దొరికింది. దాదాపు ఐదో వంతు నమూనాల్లో కత్తి ముట్టుకోని మనిషే ప్రధాన వ్యక్తిగా, లేదా ఏకైక వ్యక్తిగా తేలాడు. రెండు నిమిషాల కరచాలనం మామూలు జీవితంలో అరుదన్నది నిజమే. కానీ కిక్కిరిసిన ఎంఎంటీఎస్ బోగీలో ఒకే కమ్మీని పట్టుకుని నిలబడే చేతులు, మోండా మార్కెట్లో కూరగాయల మీద, నోట్ల మీద రోజంతా తిరిగే చేతులు, మహంకాళి బోనాల జాతరలో ఒకరినొకరు ఒరుసుకుంటూ సాగే భుజాలు రెండు నిమిషాల కంటే చాలా ఎక్కువసేపే కలుస్తాయి.

అందరి చేతులూ ఒకేలా ఉండవు కూడా. కొందరు ముట్టుకున్న చోటల్లా ఎక్కువ డీఎన్ఏ వదులుతారు. కొందరి జాడ దొరకడమే కష్టం. పొడి చర్మం ఉన్నవాళ్లు, చర్మవ్యాధులు ఉన్నవాళ్లు ఎక్కువ రాల్చే అవకాశం ఉంది. చేతులు కడుక్కుని ఎంతసేపైంది, వస్తువు గరుకుగా ఉందా నునుపుగా ఉందా, ఎంత ఒత్తిడితో పట్టుకున్నారు, తడి ఉందా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. కష్టజీవుల చేతులు ఈ లెక్కలో ఎక్కువ చిక్కుల్లో పడతాయన్నది గమనించాలి. కూలీ, డ్రైవరు, పనిమనిషి, డెలివరీ కుర్రాడు, ఆసుపత్రి ఆయా రోజూ వందల మంది వస్తువులు ముట్టుకుంటారు. వాళ్ల డీఎన్ఏ ఊరంతా తిరుగుతుంది. మంచి వకీలును పెట్టుకునే స్తోమత లేనిదీ వాళ్లకే.

దారి తప్పిన కేసులు

2012 నవంబరులో కాలిఫోర్నియాలోని మోంటే సెరెనోలో భారత సంతతి వ్యాపారి ఒకరు తన ఇంట్లోనే దోపిడీ దొంగల చేతిలో హత్యకు గురయ్యారు. ఆయన గోళ్ల దగ్గర దొరికిన డీఎన్ఏ, ఇల్లూ వాకిలీ లేని ఒక వ్యక్తితో సరిపోయింది. మరణశిక్ష దాకా వెళ్లగల కేసు అది. అతను ఐదు నెలలకు పైగా జైల్లో గడిపాడు. అతని తరఫున ప్రభుత్వం నియమించిన న్యాయవాది ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. హత్య జరిగిన రాత్రి అతను తప్పతాగి స్పృహ తప్పి ఆసుపత్రిలో ఉన్నాడు. మరి అతని డీఎన్ఏ హతుడి వేళ్ల మీదికి ఎలా వచ్చింది? ఆ సాయంత్రం అతన్ని ఆసుపత్రికి చేర్చిన అంబులెన్సు సిబ్బందే కొన్ని గంటల తర్వాత హత్య జరిగిన ఇంటికీ వెళ్లారు. ఇద్దరి వేళ్లకూ పెట్టిన పల్స్ ఆక్సిమీటర్ మీదుగా డీఎన్ఏ చేరి ఉంటుందని తేల్చారు. ఆసుపత్రి రికార్డు లేకపోతే ఆ మనిషి గతి ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ప్రాంతంలో ఒక టాక్సీ డ్రైవరు ఎనిమిది నెలలు నిర్బంధంలో గడిపాడు. 2005లో హత్యకు గురైన ఒక మహిళ గోళ్ల మీద దొరికిన పాక్షిక, మిశ్రమ డీఎన్ఏ అతనితో సరిపోవడమే ప్రధాన ఆధారం. అతనికి చర్మం పొట్టు రాలే సమస్య ఉంది. రోజంతా ప్రయాణికులకు చిల్లర ఇస్తూ, సామాను అందిస్తూ ఉండే వృత్తి. అతని చేతి నుంచి ఒక ప్రయాణికుడికి, ఆ ప్రయాణికుడి నుంచి ఆమెకు డీఎన్ఏ చేరే వీలుందని వాదనల్లో తేలింది. చివరికి జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. సికింద్రాబాద్ ఆటో డ్రైవర్ల బతుకు దీనికి భిన్నం కాదు.

మెల్‌బోర్న్‌లో సోమాలీ సంతతికి చెందిన ఒక యువకుడికి 2008లో అత్యాచారం కేసులో ఆరేళ్ల శిక్ష పడింది. ఉన్న ఆధారమల్లా ఒక్క డీఎన్ఏ. అతను ఆ ప్రదేశానికి వెళ్లినట్టు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. తర్వాత చూస్తే, సుమారు ఒక రోజు ముందు వేరే సంఘటనకు సంబంధించి ఇంకో మహిళ నుంచి, అదే ఆసుపత్రిలో అదే వైద్యుడు నమూనాలు తీశారు. ఆ నమూనాల్లో ఈ యువకుడి డీఎన్ఏ ఉంది. అక్కడి నుంచి అతనికి శిక్ష పడిన కేసు నమూనాలోకి చేరిందన్నది అందరూ అంగీకరించిన వివరణ. 2009 డిసెంబరులో అతను విడుదలయ్యాడు. అసలు శిక్ష పడిన ఆ కేసులో నేరమే జరగలేదేమోనన్నది మాజీ న్యాయమూర్తి ఫ్రాంక్ విన్సెంట్ విచారణ తేల్చిన మాట.

జర్మనీ అనుభవం వీటన్నింటికంటే పెద్దది. 2007లో హైల్‌బ్రోన్‌లో ఒక మహిళా పోలీసు హత్య జరిగింది. అక్కడ దొరికిన ఒక గుర్తు తెలియని స్త్రీ డీఎన్ఏ, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో దాదాపు 40 నేరస్థలాల్లో కనిపించింది. లక్షల యూరోల బహుమతి ప్రకటించి ఆమె కోసం వెతికారు. 2009లో తేలిందేమిటంటే, అలాంటి నేరస్థురాలు లేనే లేదు. అది స్వాబ్‌లు తయారయ్యే చోట పనిచేసే ఒక మహిళ డీఎన్ఏ. స్వాబ్‌లు క్రిమిరహితం చేసినవే. క్రిములు చచ్చినా డీఎన్ఏ మిగులుతుంది. ఆ తర్వాతే, 2016లో, నమూనాల సేకరణకు వాడే వస్తువులు మానవ డీఎన్ఏ లేకుండా తయారు కావాలంటూ ఐఎస్ఓ 18385 ప్రమాణం వచ్చింది.

ఈ నాలుగు సందర్భాల్లోనూ ప్రొఫైల్ సరిగ్గానే సరిపోయింది. తప్పు జరిగింది ఆ సరిపోలికకు అర్థం చెప్పుకోవడంలో.

మన కోర్టులు ఏం చెప్పాయి

మన దగ్గర డీఎన్ఏ ఎంతో మేలు చేసిందనడంలో సందేహం లేదు. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయినప్పుడు, 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగినప్పుడు, అదే ఏడాది అక్టోబరు 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు దగ్గర కాలిపోయినప్పుడు గుర్తుపట్టలేని దేహాలను అయినవాళ్లకు అప్పగించింది ఈ పరీక్షే. అక్కడ ఉన్న ప్రశ్న ఒక్కటే, ఈ దేహం ఎవరిది అని. డీఎన్ఏ పూర్తిగా జవాబు చెప్పగల ప్రశ్న అది. నేర విచారణలో ప్రశ్న వేరు. ఎవరు ఏం చేశారన్నది అక్కడ తేలాలి.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైన కేసు తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. అరెస్టయిన యువకుడికి వ్యతిరేకంగా ప్రాసిక్యూషన్ చూపిన ఆధారాల్లో డీఎన్ఏ రిపోర్టు కూడా ఉంది. 2010లో కింది కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైలు జీవితం గడిచిపోయింది. ఆ తర్వాత సీబీఐ మళ్లీ దర్యాప్తు చేపట్టి, 2019లో ఆ అమ్మాయి దేహాన్ని వెలికితీసి పరీక్షలు చేయించాల్సి వచ్చింది. ఇందులో నష్టపోయింది ఆ యువకుడు ఒక్కడే కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అంతకంటే ఎక్కువ నష్టపోయారు. ఆధారం పేరుతో తొందరపడితే బాధితుల పక్షానికే ద్రోహం జరుగుతుందని ఈ కేసు చెబుతోంది.

సుప్రీంకోర్టు తీర్పుల్లో కూడా ఒక క్రమం కనిపిస్తుంది. 2017లో నిర్భయ కేసులో డీఎన్ఏ ఆధారాన్ని కోర్టు బలంగా స్వీకరించింది. 2022 నవంబరు 7న ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో ముగ్గురు ముద్దాయిలను విడుదల చేస్తూ, స్వాధీనం చేసుకున్న నమూనాలు ల్యాబుకు వెళ్లేదాకా పోలీసుల మాల్‌ఖానాలోనే ఉండిపోయిన సంగతిని ఎత్తిచూపింది. డీఎన్ఏ రిపోర్టు ఏ ప్రాతిపదికన ఆ నిర్ణయానికి వచ్చిందో కింది కోర్టులు పరిశీలించనే లేదని తప్పుపట్టింది. 2025 జులై 15న తమిళనాడుకు చెందిన కట్టవెల్లై కేసులో మరణశిక్ష పడిన వ్యక్తిని విడుదల చేస్తూ దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. నమూనా సేకరణ పత్రంలో కేసు వివరాలు, వైద్యుడు, దర్యాప్తు అధికారి, స్వతంత్ర సాక్షుల సంతకాలు ఉండాలి. 48 గంటల్లోపు నమూనా ల్యాబుకు చేరాలి. ఆలస్యమైతే కారణం రాయాలి. విచారణ నడుస్తుండగా కోర్టు అనుమతి లేకుండా సీలు విప్పకూడదు. నమూనా ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో చెప్పే రిజిస్టరు తీర్పు వచ్చేదాకా కొనసాగాలి.

ఈ ఆదేశాలు ఎంతో అవసరమైనవి. ఒక్క విషయంలో మాత్రం ఇవి సరిపోవు. సీలు వేసిన దగ్గర్నుంచి ఏం జరిగిందన్నదానికే ఇవి కాపలా. సీలు వేయడానికి ముందు ఏం జరిగిందో, అంటే బాధితురాలి దగ్గరికి, ఆ వస్తువు దగ్గరికి ఎవరెవరి చేతులు చేరాయో ఇవి నమోదు చేయించవు. టచ్ డీఎన్ఏ విషయంలో అసలు చిక్కంతా ఆ ముందు జరిగిన దాంట్లోనే ఉంది.

ఏం చేయాలి

మొదటిది, పంచనామాలో స్పర్శల చరిత్ర రాయాలి. క్లూస్ టీం వచ్చేలోపు లోపలికి వెళ్లిన కానిస్టేబుల్ ఎవరు, 108 అంబులెన్సు సిబ్బంది ఎవరు, అంతకు ముందు వాళ్లు ఏ కేసుకు వెళ్లి వచ్చారు, దేహాన్ని కదిపిన బంధువులు ఎవరు అన్నది సమయాలతో సహా ఉండాలి. ఇందుకు ఖర్చేమీ లేదు. ఒక పేజీ కాగితం, కొంచెం శ్రద్ధ చాలు.

రెండోది, నేరస్థలానికి వెళ్లే పోలీసులు, క్లూస్ టీం సభ్యులు, పోస్టుమార్టం చేసే వైద్యులు, ల్యాబు సిబ్బంది తమ డీఎన్ఏ నమూనాలను స్వచ్ఛందంగా ఇచ్చి ఒక ప్రత్యేక జాబితాలో ఉంచాలి. బ్రిటన్‌లో ఈ పద్ధతి ఉంది. గుర్తు తెలియని ప్రొఫైల్ దొరికినప్పుడు ముందు ఈ జాబితాతో సరిచూసుకుంటే సగం గందరగోళం తొలగుతుంది. ఆ జాబితాను వేరే దేనికీ వాడకూడదన్న హామీ కూడా అంతే గట్టిగా ఉండాలి.

మూడోది, బాధితురాలినీ నిందితుడినీ ఒకే గదిలో పరీక్షించకూడదు. ఒకే వాహనంలో తీసుకెళ్లకూడదు. ఒకే అధికారి ఇద్దరి బట్టలూ స్వాధీనం చేసుకోకూడదు. గాంధీ ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రుల మీద రోజూ ఎంత ఒత్తిడి ఉంటుందో తెలిసిందే. అందుకే ఈ పరీక్షలకు విడి గది, ప్రతి కేసుకూ కొత్త కిట్టు, మనిషి మారినప్పుడల్లా కొత్త తొడుగులు, డీఎన్ఏ లేని స్వాబ్‌లు ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. డ్యూటీ డాక్టరు మీద నెట్టేస్తే సరిపోదు.

నాలుగోది, ల్యాబు రిపోర్టు రూపం మారాలి. సరిపోయింది, సరిపోలేదు అన్న ఒక్క వాక్యంతో ముగియకూడదు. ఎంత డీఎన్ఏ దొరికింది, ఒక్కరిదా మిశ్రమమా, మిశ్రమమైతే కనీసం ఎంతమందిది, రక్తం, వీర్యం, లాలాజలం కోసం పరీక్షలు చేశారా, వాటి ఫలితమేంటి, దేన్నీ తుడవని ఖాళీ స్వాబ్‌ను పరీక్షిస్తే ఏం వచ్చిందన్నవి ఉండాలి. నమూనా స్పర్శ వల్ల వచ్చిందే అయితే, అది ఎలా, ఎప్పుడు చేరిందో ఈ ఫలితం చెప్పదని స్పష్టంగా రాయాలి. ఆ ఒక్క వాక్యం చదివిన మెజిస్ట్రేటు బెయిలు పిటిషన్‌ను వేరే కళ్లతో చూస్తారు.

ఐదోది, నిపుణుడు కోర్టు బోనులోకి రావాలి. ప్రభుత్వ నిపుణుల రిపోర్టును వాళ్లు స్వయంగా రాకుండానే సాక్ష్యంగా స్వీకరించే వెసులుబాటు సురక్షా సంహిత 329 సెక్షన్‌లో ఉంది. అవసరమైతే పిలిపించే అధికారం కూడా కోర్టుకు ఉంది. స్పర్శతో వచ్చిన డీఎన్ఏ మీదే కేసు ఆధారపడినప్పుడు ఆ అధికారాన్ని తప్పక వాడాలి. పేద ముద్దాయి తరఫున ప్రశ్నలు వేయగలిగే స్వతంత్ర నిపుణుడి ఖర్చును న్యాయసేవల సంస్థ భరించాలి.

ఆరోది మన శాస్త్రవేత్తల పని. ఈ విషయంలో పేరున్న పరిశోధనలు ఎక్కువగా చల్లని దేశాల్లో జరిగినవి. మే నెల ఎండలో చెమటతో తడిసిన చేతులు, రైలు బోగీలోని స్టీలు కమ్మీలు, చేత్తో అన్నం తినే అలవాటు, ఇరుకు గదుల్లో ఒకే దుప్పటి పంచుకునే కుటుంబాలు డీఎన్ఏ బదిలీని ఎలా మారుస్తాయో మన దగ్గరే కొలిచి చూడాలి. సీడీఎఫ్‌డీ, సీసీఎంబీ, రెండు ఫోరెన్సిక్ ల్యాబులు, ఉస్మానియా విశ్వవిద్యాలయం కలిస్తే ఆ పని ఇక్కడే జరుగుతుంది. ఫలితాలను అందరికీ అందుబాటులో ఉంచితే దేశంలోని ప్రతి కోర్టుకూ అవి పనికొస్తాయి.

వీటితో పాటు చట్టం కావాలి. డీఎన్ఏ ల్యాబులను నియంత్రించే బోర్డుతో 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును 2023 జులైలో ఉపసంహరించుకున్నారు. ఇంకోవైపు 2022 నాటి నేర ప్రక్రియ గుర్తింపు చట్టం జీవ నమూనాలు తీసుకునే అధికారాన్ని పోలీసులకు విస్తరించింది. అధికారం ముందు వచ్చి, నియంత్రణ వెనకబడింది. ఈ అంతరం ఎంత కాలం ఉంటే, తప్పులకు అంత చోటు.

దోషులు తప్పించుకోరా?

ఇలా ప్రశ్నలు పెంచుకుంటూ పోతే ప్రతి నేరగాడూ పరోక్ష బదిలీ అంటూ తప్పించుకుంటాడు కదా అన్న ఆందోళన న్యాయమైనదే. ముఖ్యంగా మహిళలపై నేరాల్లో శిక్షలు పడటమే కష్టంగా ఉన్న దేశంలో ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అయితే పరోక్ష బదిలీ అనేది ప్రతి తాళానికీ సరిపోయే తాళంచెవి కాదు. శరీరం లోపల దొరికిన వీర్యానికి కరచాలనం సమాధానం కాలేదు. హతుడి రక్తం నిందితుడి ప్యాంటు మీద చిందితే అంబులెన్సు కథ పనిచేయదు. నమూనా ఎంత, ఎక్కడ, ఏ ద్రవం అన్నది రిపోర్టులో స్పష్టంగా ఉంటే డొల్ల వాదనలు అక్కడే వీగిపోతాయి. వివరాలు లేని రిపోర్టే డిఫెన్సుకు అసలు వరం. ఛావ్లా కేసులో, కట్టవెల్లై కేసులో ప్రాసిక్యూషన్ ఓడింది శాస్త్రం ఎక్కువై కాదు, పద్ధతి తక్కువై. కాబట్టి ఈ జాగ్రత్తలన్నీ బాధితుల పక్షాన తీసుకునే జాగ్రత్తలే.

నేర విచారణలో డీఎన్ఏను మొట్టమొదట వాడింది ఇంగ్లండ్‌లో, అలెక్ జెఫ్రీస్. లీస్టర్‌షైర్‌లో ఇద్దరు బాలికల హత్యల్లో ఒక దానిని ఒప్పుకున్న కుర్రాడు నిర్దోషి అని ఆయన పరీక్ష 1986లో నిరూపించింది. అసలు హంతకుడు ఆ తర్వాత, 1987లో దొరికాడు. ఒప్పుకోలు కన్నా పరీక్ష గొప్పదని లోకం అప్పుడు నేర్చుకుంది. పరీక్ష ఫలితం ఒక్కటే ఒప్పుకోలుతో సమానం కాదని ఇప్పుడు నేర్చుకోవాలి. మన పోలీసులు గట్టి ఆధారం కోసం శ్రమపడుతున్నారు, మన ల్యాబులకు సామర్థ్యం ఉంది, సుప్రీంకోర్టు దారి చూపింది. తెలంగాణ డీజీపీ, రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబు, హైకోర్టు కలిసి టచ్ డీఎన్ఏ కోసం ఒక ప్రత్యేక రిపోర్టు నమూనాను, పంచనామాలో స్పర్శల పట్టికను ఖరారు చేసి, 2029 గడువు దాకా ఆగకుండా ఇప్పుడే అమలు చేయాలి. దేశానికి డీఎన్ఏ పరీక్షను ఇచ్చిన ఊరు, ఆ పరీక్షను ఎక్కడి దాకా నమ్మాలో చెప్పే బాధ్యత కూడా తీసుకోవాలి.